నడుముకు చున్నీ

ఈ సంగతి జరిగి మూడేళ్లు దాటింది. అప్పుడే రాయకపోవడానికి కారణం, అప్పటికి నాకు అక్షరాలు రావు. మాది కల్లు గీసుకుని బతికే ఇల్లు. నాకు తొమ్మిదేళ్లప్పుడు మా నాయన చెట్టు మీద నుంచి పడి నడుము విరిగి మంచాన పడ్డాడు. అమ్మ కూలికి పోయింది, నేను ఆయన దగ్గర కూర్చున్నాను. ఏడేళ్లు కూర్చున్నాను. అంబలి తాగించడం, పక్క మార్చడం, ఒళ్లు తుడవడం నా పనులు. బడి మా వాకిట్లోంచి కనిపించేది. తర్వాత పెళ్లి, పట్నం, నాచారంలో మందుల కంపెనీలో డబ్బాలకు చీటీలు అంటించే పని. ఏళ్ల తరబడి అంటించాను, ఒక్క చీటీ మీద ఏం రాసి ఉందో తెలియకుండానే. యాభై ఎనిమిదో ఏట మా బస్తీ అంగన్‌వాడీ టీచరు సాయంత్రాలు మా ఆడవాళ్లను కూర్చోబెట్టి అక్షరాలు నేర్పింది. వచ్చిన తర్వాత కూడా ఇది రాయలేదు. ముందు వంటల గురించి రాశాను, మా అమ్మ గురించి రాశాను. దీని దగ్గరికి వచ్చేసరికి చేయి ఆడేది కాదు.

నాయన పడింది పెద్ద తాటిచెట్టు మీద నుంచి కాదు, రెండు నిలువుల ఈతచెట్టు మీద నుంచి. చెట్టుకూ తన నడుముకూ కలిపి చుట్టుకునే తాడును గీసేవాళ్లు మోకు అంటారు. ఆ రోజు మోకు ఇంట్లో దండెం మీదే ఉంది. "ఈతచెట్టే గదనే, దీనికి మోకెందుకు" అని అమ్మతో అని వెళ్లాడట. ఆయన్ను నలుగురు మంచం మీద మోసుకొచ్చినప్పుడు నేను చూసింది ఆయన్ను కాదు, దండెం మీద వేలాడుతున్న ఆ తాడును. తాడు ఉంటే మనిషి దక్కుతాడు, లేకుంటే పోతాడు. తొమ్మిదేళ్ల పిల్లకు ఆ రోజు అర్థమైంది అది ఒక్కటే, పెద్దయ్యాక కూడా దాన్ని ఎవరూ నా బుర్రలోంచి తీయలేదు.

నా బిడ్డను నేను ఏదీ ఎక్కనివ్వలేదు. గోడ ఎక్కితే కొట్టాను, జామచెట్టు ఎక్కితే కొట్టాను. అది పెద్దదై, పెళ్లై, తానూ నాచారంలోనే పనికి కుదిరింది. అల్లుడు లారీ మీద పోతే పది రోజులకొకసారి వస్తాడు. ఉప్పల్ నుంచి నాచారం పోయే దారిలో ఒక మూడంతస్తుల ఇంట్లో పై గది మాది. ఆ ఇంటి మెట్లకు ఓనరు కడ్డీలు పెట్టించలేదు. మెట్ల పక్కన గోడ ఉండదు, వట్టి గాలి ఉంటుంది. కింద సిమెంటు నేల. మనవరాలు నడవడం మొదలుపెట్టిన రోజే నేను దాని నడుముకు చున్నీ కట్టి రెండో కొస మంచం కోడుకు ముడి వేశాను. మా బిడ్డ ఉదయం కంపెనీ బస్సెక్కాక నేను వండుకోవాలి, నీళ్లు పట్టుకోవాలి, కిందికీ పైకీ తిరగాలి. మా బస్తీలో చాలామంది ఇట్లాగే కడతారు, ఎవరూ తప్పనుకోరు. రెండున్నరేళ్లు కట్టాను. మంచం కోడు మీద చున్నీ రాపిడికి రంగు పోయి, మోకాలెత్తున ఒక తెల్లటి వలయం పడింది. ఊడుస్తూ ఊడుస్తూ ఆ వలయం కంటపడితే చీపురు అటు తిప్పేసేదాన్ని.

పిల్ల అల్లరి చేసేది కాదు. కట్టినచోట కూర్చునేది, చేతిలో ఫోను పెడితే చూసేది. అందరూ "ఎంత బుద్ధిమంతురాలో" అనేవాళ్లు. నాలుగో ఏడు వచ్చేసరికి ఆ బుద్ధి చూసి నాకు భయం పట్టుకుంది. చదునైన నేల మీద నడుస్తూ పడిపోయేది. మెట్టు దిగాలంటే కూర్చుని జరిగేది. గ్లాసెడు నీళ్లు రెండు చేతులతో పట్టుకుంటే చేతులు వణికేవి. అంగన్‌వాడీలో వేస్తే వారం తిరగకముందే టీచరు పిలిపించింది.

"అమ్మా, జర ఈడికి రా. పొల్ల చేతిల బలపం పెట్టిన, సూడు. నిలుస్తలేదు."

బలపం పిల్ల వేళ్ల మధ్య నుంచి జారి కింద పడింది. మళ్లీ పెట్టింది, మళ్లీ పడింది.

"జరముగిట్ల వచ్చిందా చిన్నప్పుడు?"

"లేదు."

"మరి ఇంట్ల ఏం జేస్తది పొద్దంత?"

నేను పిల్లను చంకనేసుకుని వచ్చేశాను. బస్తీ దవాఖానాకు తీసుకుపోయాను. అక్కడి డాక్టరమ్మ చిన్నమ్మాయి, మా బిడ్డ ఈడుది. కాళ్లు మడిచి చూసింది, తన వేలు ఇచ్చి గట్టిగా పట్టుకోమంది, వీపు తడిమింది. నడుము దగ్గర ఆగింది. అక్కడ చర్మం కొంచెం నల్లబడి మందంగా ఉంది. నా మొఖం చూసింది.

"రోగమేం లేదమ్మా. ఈమెకు మందు రాసేది లేదు. మట్టిల ఇడువుండ్రి. ఎక్కనియ్యండ్రి, దిగనియ్యండ్రి, ఏలాడనియ్యండ్రి. చేతులకు, కాళ్లకు పని దొరకాలె. బడికి పోయేలోపు దొరకాలె, గంతే."

"పడ్తదేమో బిడ్డా."

"చిన్న చిన్నగ పడ్తది. చిన్నప్పుడు చిన్నగ పడకుంటే పెద్దయినంక పెద్దగ పడ్తరు."

ఆ మాట ఆమె మంచికే అంది. నా చెవిలో మాత్రం శాపంలా పడింది.

ఇంటికి వచ్చి మా బిడ్డకు చెప్పాను. అది అన్నం కలుపుతూ కలుపుతూ ఆగిపోయింది.

"ఎక్కనియ్యాల్నా? నువ్వా ఎక్కనిచ్చేది? నన్ను స్టూలెక్కనియ్యలె."

"డాక్టరమ్మ చెప్పింది. మన పక్క పార్కుకు తీస్కపోత."

"డాక్టరమ్మ చెప్తది. దెబ్బ తాకితే ఎవరు పట్టుకోని కూసుంటరు? నాకు ఒక్క రోజు లీవు ఇయ్యరు. ఇను అమ్మా. తీస్కపో, వద్దంట లేను. కానీ పొల్ల మీద ఒక్క గీత కనవడితే మల్ల ఆ పార్కు మొఖం సూడది. ఇంట్లనే ఉంటది, ఎట్లున్నదో అట్లనే."

ఎట్లున్నదో అట్లా అంటే మంచం కోడుకే. పిల్ల మా ఇద్దరి మధ్యలో కూర్చుని, జారిపోయే వేళ్లతో అన్నం ముద్ద ఎత్తుకుంటోంది.

మా ఇంటికి రెండు సందుల అవతల ఒక పార్కు ఉంది. పార్కంటే గడ్డీ చెట్లూ ఊహించుకోవద్దు. ఒక ప్రహరీ, నాలుగు బెంచీలు, ఒక విరిగిన ఊయల, ఇనుప కమ్మీలతో విల్లులా వంచి కట్టిన ఒక నిచ్చెన. ఒక పక్క నుంచి ఎక్కి నడినెత్తి దాటి రెండో పక్క దిగాలి. పిల్లలు దాన్ని కమాన్ అంటారు. దాని నడినెత్తి నా తల కంటే ఎత్తు. పైన ఒక కమ్మీ ఎప్పుడో ఊడిపోయి, దాని మొదలు మాత్రం పన్ను విరిగినట్టు బయటికి పొడుచుకుని ఉంది. కింద మొరం నేల, శివరాత్రి దాటాక రాయిలా గట్టిపడుతుంది. గేటు దగ్గర పసుపుపచ్చ బోర్డు ఒకటి ఉండేది. అదేదో పెద్ద హెచ్చరిక అనుకుని దాని పక్క నుంచి పోయినప్పుడల్లా పిల్ల చెయ్యి గట్టిగా పట్టుకునేదాన్ని. చదవడం వచ్చాక చూస్తే, గడ్డి తొక్కరాదు అని ఉంది.

మొదటి రోజే రెండు పాత చున్నీలు కలిపి ముడి వేసి తీసుకుపోయాను. ఒక కొస పిల్ల నడుముకు, రెండోది నా చేతికి. మా సందులోనే ఉండే ఒకామె, తన మనవణ్ణి ఆడించడానికి వచ్చేది, నన్ను వదినె అనేది, నేనూ ఆమెను వదినె అనేదాన్ని. ఆమె చూసి పెద్దగా నవ్వింది.

"ఏంది వదినె, మేకను మేపనీకె తెచ్చినవా?"

"నీకేమెరుక. తాడు లేకుంట ఎక్కెటోళ్లేమైతరో నేను సూసిన."

"గది తాటిచెట్టా? నాలుగు కమ్మీలు. మావోన్ని సూడు, కోతి లెక్క పోతున్నడు."

"మీవోడు కోతే. మాది ఆడపొల్ల."

"గట్లనా! ఆడపొల్లలకు చేతులుండయా?"

నేను చున్నీ ముడి ఇంకోసారి బిగించాను. పిల్ల మొదటి కమ్మీ పట్టుకుని నిలబడింది. ఎక్కలేదు. మూడు రోజులు అంతే, పట్టుకుని నిలబడడం. నాలుగో రోజు ఒక కాలు పెట్టింది. నేను ఎత్తి పైన కూర్చోబెట్టబోతే బెంచీ మీది నుంచి ఆ వదినె అరిచింది.

"ఎత్తకు! తానెక్కినకాడికెల్లి తానే దిగొస్తది. నువ్వు కూసోవెడితే దిగుడెట్ల ఎరుక దానికి?"

ఆ ఒక్క మాట విన్నాను. ఎత్తలేదు.

తర్వాత రోజుల్లో చూసింది ఇప్పటికీ నాకు వింతే. పిల్లకు ఎవరూ ఏమీ నేర్పలేదు. పై కమ్మీని ముందు పట్టుకుని ఊపి చూసేది. కదిలితే దాని మీద బరువు పెట్టేది కాదు, పక్కది చూసుకునేది. భయమేస్తే ఒక మెట్టు కిందికి వచ్చి కాసేపు అట్లాగే నిలబడి మళ్లీ పోయేది. నేను అనుకున్న ఎత్తులో ఏనాడూ ఆగలేదు, ఎక్కడిదాకా పోవాలో దానికే తెలిసేది. అరచేతుల్లో తుప్పు రంగు అంటుకునేది, తర్వాత చిన్న కాయలు కాశాయి. నెల తిరిగేసరికి మా మెట్లు నిలబడి దిగింది, గోడవైపు ఒక చెయ్యి ఆనించి. ఇంకో అన్నం ముద్ద అడిగి తింది. సాయంత్రం దీపం పెట్టేవేళకే ఒళ్లు తెలియకుండా పడుకునేది. టీచరు బలపం ఇస్తే గీత గీసింది, వంకరగానే, కానీ పలక ఈ కొస నుంచి ఆ కొస దాకా. నేను ఇన్నేళ్లు చేయలేని పని అది.

ఇంత మంచి జరుగుతుంటే నాకు సంతోషం ఉండాలి. లేదు. పిల్ల ఎంత పైకి పోతే నా చేతిలో చున్నీ అంత బిగిసేది. నాచారం నుంచి గాలి ఇటు తిరిగిన పొద్దున మందుల వాసన వస్తుంది, నాలుక మీద చేదుగా తగులుతుంది. ఆ వాసన వచ్చిన రోజు ఏదో అవుతుందని అనుకునేదాన్ని. ఏమీ కాకపోతే రేపు అవుతుందని అనుకునేదాన్ని. పిల్ల కమాన్ నడినెత్తి దాకా పోవడం మొదలుపెట్టాక నాకు కిందినుంచి అందేది కాదు. అప్పుడు నాకొక ఉపాయం తట్టింది. చున్నీని పై కమ్మీ మీదుగా వేసి, బాయిలో చేద పట్టుకున్నట్టు కొస పట్టుకుని కమాన్ కింద నిలబడితే, పిల్ల ఎక్కడ జారినా వేలాడుతుంది తప్ప పడదు. ఉపాయం దొరికిన రోజు నేను హాయిగా ఊపిరి పీల్చుకున్నాను. ఇక ఏ భయమూ లేదనుకున్నాను.

అది శనివారం. తెల్లటి ఎండ. పార్కులో నేనూ పిల్లా, బెంచీ మీద ఆ వదినె, ఆమె మనవడు. పిల్ల నడినెత్తికి ఎక్కింది. అంతవరకు అక్కడి నుంచే వెనక్కి వచ్చేది. ఆ రోజు ఆగలేదు. ఒక కాలు అవతలికి వేసింది, రెండోది వేసింది, అవతలి పక్కకు దిగడం మొదలుపెట్టింది. నేను చున్నీ వదులు చేశాను. చున్నీ రాలేదు. రెండు చున్నీలు కలిపిన ఆ ముడి పైనున్న విరిగిన కమ్మీ మొదలుకు చిక్కుకుంది. నేను చూడలేదు. పిల్ల కింది కమ్మీ కోసం కాలు చాచింది, చున్నీ వెనక్కి లాగింది, కాలు జారింది.

మనిషి పడుతుంటే తాడు పట్టుకున్నవాళ్లు ఏం చేస్తారు? లాగుతారు. నేను లాగాను.

నడుముకు కట్టింది చంకల్లోకి వచ్చింది, చంకల్లోంచి మెడ దగ్గరికి. పిల్ల అరవలేదు. అరుపు రానంతగా బిగిసింది. దాని కాళ్లు రెండూ గాలిలో ఉన్నాయి. నాకు కనిపించిందల్లా పిల్ల పడడం లేదనే. ఇంకా లాగాను.

"ఇడువు! వదినె, ఇడువు! సస్తది పొల్ల, ఇడువు!"

వినిపిస్తూనే ఉంది. వేళ్లు విడవలేదు. నా వేళ్లు నా మాట వినలేదు, అంతకంటే నిజంగా నేను చెప్పలేను. నలభై తొమ్మిదేళ్లు ఆ తాడు పట్టుకుని ఉన్న వేళ్లు అవి.

పిల్ల తల పైకెత్తింది. పై కమ్మీని రెండు చేతులతో పట్టుకుంది. బలపం నిలవని చేతులు. మోచేతులు వంచి ఒంటిని పైకి లాక్కుంది, ఒక మోకాలు పక్క కమ్మీ మీద వేసి దాని మీద బరువు పెట్టింది. మెడ దగ్గర చున్నీ వదులైంది. అప్పుడు దగ్గింది. రెండుసార్లు దగ్గి, మెడ వంచి కిందకి నావైపు చూసి అంది:

"అమ్మమ్మా, గుంజకు."

అప్పుడు నా వేళ్లు విడిచాయి. పిల్ల ఒక చేత్తో కమ్మీ పట్టుకుని రెండో చేత్తో ఆ గుడ్డను తల మీది నుంచి తీసేసింది. తర్వాత కాలితో వెతుక్కుంటూ, ఒక్కో కమ్మీ ఊపి చూసుకుంటూ, అవతలి పక్క నుంచి దిగి వచ్చింది. నేల మీద నిలబడ్డాక ఏడ్చింది. నేను కూలబడి ఉన్నాను కాబట్టి తానే వచ్చి నా ఒళ్లో కూర్చుని ఏడ్చింది.

ఆ వదినె నీళ్ల సీసా తెచ్చి పిల్లకు తాగించింది. మెడ చూసింది. చెవి కింద నుంచి గడ్డం దాకా ఒక ఎర్రటి గీత. చంకల్లో ఇంకా ఎర్రగా ఉంది. ఆమె నవ్వే మనిషి, అప్పుడు నవ్వలేదు.

"దవాఖానల సూపెట్టు ముంగట. మీ బిడ్డతోని నేనైతే అనను. నువ్వు చెప్పుకుంటవో ఏం జేస్తవో నీ ఇష్టం."

డాక్టరమ్మ గొంతులోకి లైటు వేసి చూసింది, మింగమంది, మాట్లాడమంది. ఏమీ కాలేదని చెప్పింది. ఎట్లా అయిందని అడిగితే చెప్పాను. ఆమెకు మాత్రం మొత్తం చెప్పాను.

"కమాన్ నుంచి కాదమ్మా. చున్నీ నుంచి అయ్యింది," అంది. "ఎక్కే పిల్లల ఒంటి మీద తాడు, చున్నీ, గొలుసు ఏదీ ఉండొద్దు. పడితే పడనియ్యండ్రి, కానీ ఏలాడొద్దు."

ఇంటికి వచ్చి నేను చేసిన పని రాయాలంటే సిగ్గుగా ఉంది. పిల్ల మెడకు పౌడరు పూశాను. కాలరు ఉన్న గౌను వేసి పై గుండీ పెట్టాను. ఆ ఎండలో, ఆ రేకుల గదిలో. సాయంత్రం మా బిడ్డ వచ్చింది. చెప్పులు విడవకముందే పిల్ల ఎదురు పోయింది.

"అమ్మా, నేను కమాన్ అవుతలికి దిగిన!"

"నిజమా? గంత ఎత్తా?"

"నేనే దిగిన. అమ్మమ్మ గుంజింది, నేనే దిగిన."

మా బిడ్డ నా వైపు చూసి నవ్వింది. ఎన్నో రోజులకు నవ్వింది. "అమ్మమ్మకు భయం బిడ్డా, గుంజుతది" అని పిల్లను ఎత్తుకుంది. పిల్ల తల్లి మెడ చుట్టూ చేతులు వేసి గట్టిగా పట్టుకుంది. "అబ్బా, ఊపిరాడతలేదే, ఎంత బలమొచ్చిందే" అంది మా బిడ్డ. నేను పొయ్యి వైపు తిరిగాను. ఇప్పుడు చెబితే గీత పడిందని పార్కు మాన్పిస్తుంది. పిల్ల మళ్లీ మంచం కోడు దగ్గరికే వస్తుంది. చెప్పకపోతే తప్పు కమాన్‌ది కాదని ఎవరికీ తెలియదు. రేపు నేను లేని రోజు మా బిడ్డ తానే ఒక చున్నీ పట్టుకుని పోతుంది. ఎందుకు పోదు? తాడుంటే దక్కుతుందని దానికి చెప్పి పెంచింది నేనే.

తెల్లవారి ఆదివారం. మా బిడ్డ చాయ్ తాగుతుంటే ఎదురుగా కూర్చుని, పడుకున్న పిల్ల గౌను గుండీ విప్పి మెడ చూపించాను.

"ఇది కమాన్ జేసింది కాదు బిడ్డా. నేను జేసిన."

మొదటి నుంచి చివరి దాకా చెప్పాను, లాగింది కూడా, వేళ్లు విడవనిది కూడా. అది గ్లాసు కింద పెట్టింది. ఆ గీత మీద వేలు పెట్టి ఈ చివర నుంచి ఆ చివర దాకా మెల్లగా జరిపింది. నన్ను తిట్టలేదు. తిడితే బాగుండు.

"పొల్లను తీస్కపోకు," అంది. "నేను తీస్కపోత. నువ్వు దాన్ని పట్టుకోకు ఇంక."

సరే అన్నాను. తట్ట తీసుకుని మెట్లు దిగాను. మా సందు మొదట్లో కడుతున్న ఇంటి ముందు ఇసుక కుప్ప ఉంది. కాపలా ఉండే పెద్దాయన్ని అడిగితే, పడ్డదంతా ఎత్తుకుపో అన్నాడు. మొదటి తట్ట నెత్తిన పెట్టుకుని పార్కుకు పోయి కమాన్ కింద మొరం మీద పోశాను. గట్టి నేల మీద అది ఎక్కడా ఆనలేదు, ఇంకా చాలా కావాలి. మళ్లీ పోయాను, మళ్లీ వచ్చాను. ఐదో తట్టతో గేటు దాటుతుంటే వాళ్లిద్దరూ అప్పటికే వచ్చి ఉన్నారు. మా బిడ్డ రెండు చేతులూ వెనక్కి కట్టుకుని దూరంగా నిలబడి ఉంది, మొఖం పాలిపోయి. నెత్తి మీద బరువుతో నేను తల ఎత్తలేను. కమ్మీల మీద పిల్ల కాళ్ల చప్పుడు వినిపిస్తోంది, ఒకటి, ఆగి, ఇంకొకటి. ఇసుక ఇంకా పలచగా ఉన్న అవతలి పక్కకు నడిచి అక్కడ పోశాను, చేత్తో సర్ది, ఖాళీ తట్ట తీసుకుని ఆరో తట్టకు బయలుదేరాను.